వేమన ప్రతులును గూఢభాండారమును

అనంతపుర మండలము వానలు తక్కువగాఁ గురియు పీఠభూమి. 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోఁ జేరిన కదిరి ప్రాంతమునందలి కటారుపల్లెలో వేమన సమాధి యున్నదని ప్రసిద్ధి. ఆతని పద్యములు జనుల నోటను దాటాకులయందును వ్యాపించుటచే, ఒక్కొక్క ప్రతియం దొక్కొక్క పాఠ మేర్పడినది. సి. పి. బ్రౌను పలు ప్రతులు తెప్పించి సరిచూపించి, 1829లో 693 పద్యములను, 1839లో 1164 పద్యములను ముద్రింపించెను. ఆతఁడు కూర్చిన వ్రాఁతప్రతులు చెన్నపురి ప్రాచ్యలిఖితపుస్తక భాండాగారమునఁ జేరినవి. రెండవ ముద్రణము వచ్చినను మొదటిది నిరర్థకము కాలేదు. ఏ పద్యము పిమ్మటఁ జేరినదో రెంటిని బోల్చిననే తెలియును.

నేఁడు తాటాకుల ఛాయాచిత్రములు మిక్కిలి పెద్ద ఫైళ్లగుచున్నవి. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ నిర్మించిన గిట్ అను సాధనము ప్రతి మార్పును భద్రపఱచును. కాని యిట్టి ఫైళ్ల పాఠములన్నియు దానిలోఁ జేరినచో మోయరాని భారమగును. 2010లో జోయీ హెస్ ఆరంభించిన గిట్-అనెక్స్ మార్పుల చరిత్రయందు ఫైలు గుర్తును మాత్రమే నిలిపి, అందలి విషయమును వేఱుచోట నుంచును. క్లౌడనఁబడు దూరభాండారమునకుఁ బంపుటకు ముందే దానిని గూఢలిపిగా మార్పవచ్చును. అప్పుడు భాండారి దానిని గాచును గాని చదువలేఁడు.

చెదలు తినిన తాటాకున మిగిలిన యక్షరములనైనఁ జదువవచ్చును. తాళపుచెవి పోయిన గూఢలిపియం దొక్క యక్షరమైనను దక్కదు. కావునఁ బ్రతులవలెనే తాళపుచెవియు నమ్మకమైన పలుచోట్ల నుండవలెను. ఒక్క చెఱువునే నమ్ముకొన్నవాని కష్ట మీ సీమవారికిఁ దెలియనిది కాదు.