సాన్ లజార్ స్టేషన్ వెనక (ఛాయాచిత్రం)

ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్టియే బ్రెసాన్ (1908–2004) 1932లో పారిస్‌లో తీసిన నలుపు-తెలుపు ఛాయాచిత్రం. నీటి ప్రతిబింబం మీద కూర్పు నిలిచిన ఫొటోల్లో మిక్కిలి ప్రసిద్ధమైనది. రైల్వే స్టేషన్ వెనక నిలిచిన నీటి మీదుగా ఒక వ్యక్తి దూకుతుంటాడు. నీళ్లలో పడి ఉన్న నిచ్చెన చుట్టూ అలలు లేచినా, అతని మడమ నీటిని ఇంకా తాకలేదు. అందుకే కింది ప్రతిబింబం చెదరలేదు. వెనక పోస్టరులో ఎగురుతున్న నర్తకి బొమ్మ అదే భంగిమను ఎదురు దిశలో చూపుతుంది.

చెక్కల కంచె సందులోంచి లైకా కెమెరాతో తీయడం వల్ల 24×36 మిల్లీమీటర్ల నెగటివ్‌లో ఎడమ పక్క చెక్క మసకగా అడ్డుపడింది. ప్రింటులో ఆ భాగాన్నీ, అడుగున కొంత నీటినీ తీసేయడంతో అడ్డు ఫ్రేము నిలువు ఫ్రేము అయింది. దూకే మనిషి ముందు దాదాపు ఖాళీ లేదు. కదిలే వస్తువు ముందు చోటు వదలాలన్న వాడుకకు ఇది విరుద్ధం. చిత్రంలోని ఉత్కంఠకు అదీ ఒక కారణం.

కార్టియే బ్రెసాన్ కత్తిరించిన ఫొటోలు చాలా అరుదు. 1952 నాటి ‘ది డెసిసివ్ మూమెంట్’ పుస్తకం ముందుమాటలో ఆయన క్రాపింగ్‌ను తప్పుపట్టాడు.