జాడీకి తడి తెలుసు, మైల తెలీదు

మూత తీశాక పచ్చడి ఫ్రిజ్‌లో పెట్టాలా, బయట ఉంచొచ్చా? రెండు తరాల కిందట జగ్గయ్యపేట, నందిగామ, చిల్లకల్లు వైపు మెట్ట ఊళ్ళలో ఈ ప్రశ్న అడిగితే నవ్వేవాళ్ళు. ఆవకాయ పెట్టేదే రోళ్ళు పగిలే ఎండల్లో. ఆ జాడీ మళ్ళీ మామిడికాయలొచ్చేదాకా వంటింటి మూలన ఉండేది. మన దేశంలో గోద్రెజ్ వాళ్ళు మొదటి ఫ్రిజ్ తయారుచేసిందే 1958లో. అది పల్లెల దాకా రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

మరి అన్నాళ్ళూ పచ్చడిని కాపాడిందేమిటి? ముక్కలోని నీటిని ఉప్పు లాగేసి, సూక్ష్మజీవులకి అందకుండా కట్టేస్తుంది. మామిడి పులుపు పీహెచ్‌ని 4.6 కన్నా బాగా కిందకి దించుతుంది. ఆవపిండి ఘాటుకి బూజు తట్టుకోలేదు. పైన తేలే పప్పునూనె గాలిని ఆపుతుంది. కారం ఈ జట్టులో ఆలస్యంగా చేరింది. పోర్చుగీసు వాళ్ళొచ్చేదాకా మనకి మిరపే లేదు. అందుకేనేమో, పచ్చడి అంత ఎర్రగా ఉన్నా దాని పేరులో ఉన్నది ఆవే.

ఇందులో ఏ ఒక్కటీ ఒంటరిగా చాలదు. 1985లో వాంకూవర్‌లో నూనెలో వేసిన వెల్లుల్లిని బయట ఉంచి వాడిన ఒక రెస్టారెంట్‌లో తిని 36 మంది బొట్యులిజం పాలయ్యారు. నూనె ఉంది, పులుపు లేదు. గాలి ఆడని చోటే ఆ బాక్టీరియాకి ఇష్టం. అమెరికాలో హైంజ్ కంపెనీ కెచప్‌లో బెంజోయేట్ మానేసినప్పుడు వెనిగర్, పంచదార పెంచాల్సొచ్చింది. ఒక కాపలా తీసేస్తే ఇంకోటి పెట్టాల్సిందే.

జాడీ చుట్టూ ఇంకో కాపలా కూడా ఉండేది: ఆచారం. తడి చెయ్యి పెట్టకూడదు, తడి గరిటె ముంచకూడదు, వారానికి సరిపడా చిన్న జాడీలోకి తీసుకుని పెద్దదానికి మళ్ళీ వాసెన కట్టాలి. ఇవన్నీ అనుభవం నేర్పిన సూత్రాలు. వీటి పక్కనే ఇంకొన్ని కూర్చున్నాయి: ముట్టయిన ఆడవాళ్ళు తాకకూడదు, మడి లేనివాళ్ళ నీడ పడకూడదు.

ఇప్పుడు కొందరు ఈ రెంటినీ ఒకే మూటకట్టి “మన పెద్దవాళ్ళదంతా సైన్సే” అంటున్నారు. కాదు. బూజుకి కావలసింది నీరు, గాలి. తాకినవాళ్ళ కులం, నెలలో ఏ రోజు అన్నది దానికి అక్కర్లేదు. మడి కట్టుకున్న చెయ్యైనా తడిగా ఉంటే పచ్చడి పాడవుతుంది. కాయలు తుడిచి, కారం దంచి, మూడోరోజు తిరగకలిపిన ఆడవాళ్ళ నేర్పుకి దక్కాల్సిన గౌరవం, వాళ్ళనే దూరంగా కూర్చోబెట్టిన నియమానికి దక్కకూడదు.

ఇక ఫ్రిజ్ సంగతి. జవాబు మన భాషలోనే ఉంది: నిల్వ పచ్చడి వేరు, రోటి పచ్చడి వేరు. పాతకాలపు పాళ్ళలో ఉప్పు, పులుపు, నూనె పడిన ఆవకాయ పొడి గరిటెతో బయటే బతుకుతుంది. బీపీ అనో, డైట్ అనో ఉప్పూ నూనే తగ్గించామంటే దాన్ని సగం రోటి పచ్చడి చేసినట్టే, ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. కొన్న సీసా అయితే లేబుల్ చదవండి. తగ్గించిన ఉప్పు చేసే పని చలి చెయ్యాలి, అంతే. జాడీని ఎవరు ముట్టుకున్నారన్నది మాత్రం అప్పుడూ లెక్కలోది కాదు, ఇప్పుడూ కాదు.