క్లచ్ నుంచి ఆటోమేటిక్ వరకు: బార్కస్ నుంచి చూసిన గేరు మార్పు చరిత్ర

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• చేతితో గేరు మార్చే కారుకు, ఆటోమేటిక్ కారుకు మధ్య ఉన్న తేడాను చారిత్రక దృష్టితో వివరించగలుగుతారు.
• ఒక మాన్యువల్ స్పోర్ట్స్ కారును ఆటోమేటిక్‌గా మార్చడంలో ఏమేమి ఇమిడి ఉన్నాయో చెప్పగలుగుతారు.
• యంత్రం మారినప్పుడు మనిషి నైపుణ్యం విలువ ఎలా మారుతుందో చర్చించగలుగుతారు.

7.1 పరిచయం

సాంకేతిక పరిజ్ఞాన చరిత్రను చాలామంది విద్యార్థులు ఆవిష్కరణల పట్టికగా చదువుతారు. ఫలానా సంవత్సరంలో ఫలానా యంత్రం వచ్చింది, పాతది పోయింది అని రాసి ఊరుకుంటారు. పరీక్షకు అది సరిపోవచ్చు, కాని చరిత్ర అంత సూటిగా నడవదు. కొత్త యంత్రం వచ్చినప్పుడు ఎవరి పనితనం విలువ తగ్గింది, ఎవరికి కొత్తగా అవకాశం దొరికింది అనే రెండు ప్రశ్నలు వేసుకుంటేనే ఆ మార్పు అర్థమవుతుంది. ఈ భాగంలో ఆ ప్రశ్నలను కారు గేరుబాక్సుకు వేసి చూద్దాం. మొదలుపెట్టే చోటు మాత్రం కార్ల కర్మాగారం కాదు, హైదరాబాదు పాతబస్తీలోని బార్కస్.

7.2 బార్కస్: ఒక నైపుణ్యం విలువ మారిన చోటు

చాంద్రాయణగుట్ట దగ్గరి బార్కస్‌కు ఆ పేరు సైనికుల నివాసాలను సూచించే 'బ్యారక్స్' అనే ఇంగ్లీషు మాట నుంచి వచ్చింది. నిజాం కొలువులోని అరబ్బు సైనికులు అక్కడ ఉండేవారు. వారిలో ఎక్కువమంది నేటి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చినవారు. వారిని స్థానికులు 'చావూష్' అని పిలిచేవారు. అది తుర్కీ సైన్యంలోని ఒక హోదా పేరు. ఆ రోజుల్లో ఆయుధం పట్టడం, కాపలా కాయడం ఎంతో విలువైన పనులు. హైదరాబాదులో సైనిక జమాదారుగా ఎదిగిన ఉమర్ బిన్ అవద్ అల్-ఖైతీ కుటుంబం హద్రమౌత్‌లో ఒక రాజవంశాన్నే స్థాపించింది.

1948 సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్యతో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. నిజాం సైన్యం రద్దయింది. తరతరాల సైనిక నైపుణ్యానికి ఒక్కసారిగా గిరాకీ లేకుండా పోయింది. కొందరు తిరిగి యెమెన్ వెళ్ళారు. మిగిలినవారు వ్యాపారాల్లో, కూలి పనుల్లో, చిన్న ఉద్యోగాల్లో కుదురుకున్నారు. 1973 తరువాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో పనులు పెరిగాయి. పాతబస్తీ నుంచి ఎందరో అక్కడికి వెళ్ళారు. బార్కస్ కుటుంబాలకు అరబ్బు దేశాలతో బంధుత్వాలు ముందు నుంచే ఉన్నాయి. గల్ఫ్‌లో పాతబస్తీ యువకులకు అందుబాటులో ఉన్న పనుల్లో డ్రైవింగ్ ఒకటి.

ఇక్కడ ఒక సందర్భాన్ని ఊహించుకుందాం. హైదరాబాదులో క్లచ్ తొక్కి, గేరు వేసి బండి నేర్చుకున్న యువకుడు గల్ఫ్ వెళ్ళాడు. అక్కడి కార్లలో అధికభాగం ఆటోమేటిక్. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఆటోమేటిక్ కారుకు మాత్రమే పరిమితమైన లైసెన్సు కూడా ఉంటుంది. ఎంతో కష్టపడి నేర్చుకున్న క్లచ్ పని అక్కడ అక్కరకు రాదు. అదే సమయంలో క్లచ్ తెలియనివాడికి కూడా అక్కడ ఉద్యోగం దొరుకుతుంది. బ్యారక్స్ నాటి తాతకు ఎదురైన ప్రశ్నే, చిన్న రూపంలో, మనవడికీ ఎదురైంది: నా చేతిలోని పనికి ఇక విలువ ఎంత?

7.3 చేతి గేరు కాలం

పెట్రోలు ఇంజన్ ఒక పరిమిత వేగంలోనే బాగా బలాన్నిస్తుంది. బండి కదిలేటప్పుడు బలం ఎక్కువ కావాలి, పరుగెత్తేటప్పుడు వేగం ఎక్కువ కావాలి. ఈ రెండింటినీ కుదిర్చేది గేరుబాక్స్. గేరు మార్చే క్షణంలో ఇంజన్‌ను, చక్రాలను విడదీసేది క్లచ్.

చౌమహల్లా ప్యాలెస్‌లో కనిపించే నిజాం నాటి 1912 రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆ కాలపు కారు. అప్పటి గేరుబాక్సుల్లో పళ్ళచక్రాల వేగాలను సమం చేసే అమరిక లేదు. డ్రైవరు ఒకసారి క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, వదిలి, మళ్ళీ తొక్కి తరువాతి గేరు వేయాలి. చెవితో ఇంజన్ శబ్దం విని వేగం కుదిర్చేవారు. కుదరకపోతే పళ్ళు గరగరలాడేవి. వెనుక సీట్లో కూర్చునేది ప్రభువే అయినా, ఆ పని చేయగలవాడు డ్రైవరు ఒక్కడే. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేలో భాగంగా 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖ మొదలైనప్పుడు కూడా డ్రైవరు అంటే ఈ పనితనం ఉన్నవాడే.

1928లో అమెరికాలో క్యాడిలాక్ సంస్థ సింక్రోమెష్ అనే అమరికను తెచ్చింది. పళ్ళచక్రాలు కలిసే ముందే వాటి వేగాలను అది సమం చేస్తుంది. చెవి చేసే పనిలో కొంత భాగం ఇత్తడి రింగుకు చేరింది. నైపుణ్యం డ్రైవరు నుంచి యంత్రానికి బదిలీ కావడంలో ఇది ఒక ముఖ్యమైన మెట్టు.

7.4 తనంతట తాను మారే గేరు

ఆటోమేటిక్ గేరు ఒక్కరి ఆలోచన కాదు. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో ద్రవం ద్వారా బలాన్ని అందించే పద్ధతికి పేటెంటు పొందాడు. అతని దృష్టిలో ఉన్నది ఓడలు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్-టి కారులో ప్లానెటరీ గేర్లు ఉండేవి. నడుమ ఒక పళ్ళచక్రం, దాని చుట్టూ చిన్న చక్రాలు తిరిగే ఈ అమరికలో పెడల్ నొక్కితే గేరు మారేది. ఈ రెండు దారులూ కలిసిన చోట జనరల్ మోటార్స్ హైడ్రామాటిక్ పుట్టింది. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో అది అమ్మకానికి వచ్చింది. క్లచ్ పెడల్ మాయమైంది. 1952 నుంచి రోల్స్ రాయిస్ కూడా తన కార్లలో హైడ్రామాటిక్‌ను వాడింది. నిజాం కారు డ్రైవరుకు గర్వకారణమైన పని నలభై ఏళ్ళలో అదే సంస్థ కారులో అనవసరమైంది.

7.5 స్పోర్ట్స్ కారు చెప్పే తిరుగు కథ

ఇంతవరకు చదివితే చరిత్ర మాన్యువల్ నుంచి ఆటోమేటిక్ వైపు తిన్నగా నడిచినట్లు అనిపిస్తుంది. స్పోర్ట్స్ కారు ఆ అభిప్రాయాన్ని సరిచేస్తుంది.

1953లో షెవ్రొలె సంస్థ కార్వెట్ అనే స్పోర్ట్స్ కారును తెచ్చింది. ఆ ఏడు 300 కార్లు తయారయ్యాయి. అన్నింటిలోనూ ఉన్నది రెండు గేర్ల పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్ మాత్రమే. స్పోర్ట్స్ కారు కొనేవారు దాన్ని అంతగా మెచ్చలేదు. 1954లో 3,640 తయారైతే చాలా కార్లు అమ్ముడుపోక మిగిలాయి. 1955లో ఉత్పత్తి 700కు పడిపోయింది. ఆ ఏడాదే మూడు గేర్ల మాన్యువల్, బలమైన వి-8 ఇంజన్ వచ్చాయి. 1957లో నాలుగు గేర్ల మాన్యువల్ కూడా చేరింది. అంటే ఇక్కడ ఆటోమేటిక్ కారే మాన్యువల్‌గా మారింది. కారణం సాంకేతికం మాత్రమే కాదు. చేతి గేరు అప్పటికి అవసరం స్థానం నుంచి గౌరవ చిహ్నం స్థానానికి చేరింది.

తరువాత దిశ మళ్ళీ మారింది. 1989లో ఫెరారీ జట్టు స్టీరింగ్ వెనుక మీటలతో గేరు మార్చే ఫార్ములా-1 కారును దించింది. బ్రెజిల్‌లో జరిగిన దాని మొదటి పందెంలోనే నైజెల్ మాన్సెల్ గెలిచాడు. మనిషి చేతికన్నా యంత్రం వేగంగా గేరు మారుస్తుందని తేలాక 'నిజమైన' స్పోర్ట్స్ కారుకు చేతి గేరు తప్పనిసరి అనే వాదన బలహీనపడింది. 2020 మోడల్ కార్వెట్‌లో చేతి గేరు అసలు లేదు. రెండు క్లచ్‌లున్న ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ ఒక్కటే ఉంది. 1953 నాటి చోటికే తిరిగి వచ్చినట్లు కనిపిస్తున్నా, మొదటిదాన్ని కాదన్న వర్గం కోరిన వేగాన్నే రెండవది అందించిందని గుర్తించాలి.

7.6 మార్పిడి అంటే ఏమిటి?

పాత మాన్యువల్ స్పోర్ట్స్ కారు ఉన్నవారు దాన్ని ఆటోమేటిక్‌గా ఎందుకు మార్చుకుంటారు? మోకాలు అరిగిపోవడం, ఎడమ కాలికి ప్రమాదం, వయసు, నగరంలో ఆగి ఆగి నడిచే ట్రాఫిక్ వంటివి ముఖ్య కారణాలు. ఇష్టమైన కారును అమ్ముకోలేక మార్చుకుంటారు.

గేరుబాక్స్ విప్పి మరొకటి బిగిస్తే ఈ పని పూర్తికాదు. ఫ్లైవీల్, క్లచ్ తీసివేసి వాటి స్థానంలో పలుచని ఫ్లెక్స్ ప్లేటు, టార్క్ కన్వర్టర్ పెట్టాలి. కొత్త గేరుబాక్స్ పొడవు వేరు కాబట్టి మౌంటింగులు మార్చాలి. ఇంజన్ ముందుండి వెనుక చక్రాలను తిప్పే కార్లలో ప్రొపెల్లర్ షాఫ్టు పొడవును సరిచేయాలి. ఆటోమేటిక్‌లోని ఆయిల్ వేడెక్కుతుంది కాబట్టి దానికి కూలర్, గొట్టాలు కావాలి. క్లచ్ పెడల్ తీసి బ్రేకు పెడల్ మార్చాలి. గేరులో ఉండగా స్టార్టు కాకుండా ఒక భద్రతా స్విచ్ ఉండాలి. కొత్త కార్లలో ఇంజన్ కంప్యూటర్, గేరుబాక్స్ కంప్యూటర్ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. ఇంత జాబితా ఎందుకంటే, డ్రైవరు ఎడమ కాలు మానేసిన పని ఎక్కడికీ పోలేదు. అది మెకానిక్ బల్ల మీదికి, ఇంజనీరు లెక్కల్లోకి చేరింది.

7.7 భారతదేశంలో మార్పు

మన దేశంలో ఆటోమేటిక్ కార్లు చాలాకాలం ఖరీదైనవారి వస్తువుగా ఉండిపోయాయి. ధర ఎక్కువ, మైలేజీ తక్కువ అనే భయం ఉండేది. 2014లో మారుతి సుజుకి సెలెరియోతో వేరే దారి తెరుచుకుంది. అందులో గేరుబాక్స్ పాత మాన్యువల్‌దే. క్లచ్ తొక్కడానికి, గేరు వేయడానికి మాత్రం కంప్యూటర్ నడిపే యంత్రపు చేతులను తగిలించారు. 2015లో టాటా నానోలో కూడా ఈ పద్ధతి వచ్చింది. కార్వెట్ లాంటి కారులో గేరుబాక్స్‌నే మారిస్తే, ఇక్కడ గేరుబాక్స్‌ను ఉంచి డ్రైవరు చేతిని, కాలిని మార్చారు. మాన్యువల్‌ను ఆటోమేటిక్‌గా మార్చడంలో మన దేశంలో విస్తృతంగా జరిగిన ప్రయోగం ఇదేనని చెప్పవచ్చు.

చట్టాన్ని కూడా గమనించాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను యజమాని తన ఇష్టానుసారం వాహనాన్ని మార్చుకోవడాన్ని పరిమితం చేస్తుంది. తయారీదారు నిర్దేశించిన మూల ప్రమాణాలకు భిన్నంగా మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది జరిగిన చట్ట సవరణ మాత్రం వికలాంగుల కోసం మార్చిన వాహనాలకు ప్రత్యేక గుర్తింపునిచ్చింది. దానికి రిజిస్ట్రేషన్ అధికారి ఆమోదం అవసరం. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు పనిచేయని వ్యక్తికి క్లచ్ లేని కారు ఒక విలాసం కాదు. ఉద్యోగానికి తనంతట తాను వెళ్ళగలగడం.

7.8 సారాంశం

బార్కస్ సైనికుడు, నిజాం కారు డ్రైవరు, గల్ఫ్ వెళ్ళిన యువకుడు ముగ్గురూ ఒకే అనుభవాన్ని వేర్వేరు కాలాల్లో చూశారు. నేర్చుకున్న పని విలువ ఆ పనిలో మాత్రమే ఉండదు, దాని చుట్టూ ఉన్న ఏర్పాటులో ఉంటుంది. ఆ ఏర్పాటు మారితే ఒకరి నైపుణ్యానికి గిరాకీ తగ్గుతుంది, ఇన్నాళ్ళూ బయట ఉన్న మరొకరు లోపలికి వస్తారు. ఆటోమేటిక్ గేరును సోమరితనం అని కొట్టిపారేయడం, పురోగతి అని పొగడడం రెండూ తొందరపాటే. చరిత్ర విద్యార్థి లాభపడినవారిని, నష్టపోయినవారిని ఇద్దరినీ లెక్కలోకి తీసుకోవాలి.

7.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. బార్కస్ అనే పేరు ఎలా వచ్చింది?
2. సింక్రోమెష్ డ్రైవరు పనిని ఎలా తేలిక చేసింది?
3. 1953, 2020 కార్వెట్‌ల గేరుబాక్సుల మధ్య పోలిక ఏమిటి? తేడా ఏమిటి?

7.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

1. మాన్యువల్ స్పోర్ట్స్ కారును ఆటోమేటిక్‌గా మార్చడంలో నైపుణ్యం ఎవరి నుంచి ఎవరికి బదిలీ అవుతుందో ఉదాహరణలతో చర్చించండి.
2. మీ ఊరిలో యంత్రం వల్ల విలువ మారిన ఒక వృత్తిని ఎంచుకోండి. ఆ వృత్తిలో ఉన్న పెద్దలను అడిగి తెలుసుకుని ఒక వ్యాసం రాయండి.