స్నాతకుల అంగీ – దాని చరిత్ర, దాని సందేశం



మన బిడ్డలు నల్లని గౌను, హుడ్డు, నలుచదరపు టోపీ ధరించి పట్టా అందుకొంటుంటే చూచి ఆనందిస్తాము. ఆ ఫొటోకు పటం కట్టించి గోడకు తగిలిస్తాము. ఈ దుస్తులకును సంఘచరిత్రకును గల సంబంధము మనలో కొందరికే తెలియును. కనుక ఈ నాలుగు మాటలు.

12, 13 శతాబ్దములలో పారిస్, ఆక్స్‌ఫర్డ్ పట్టణాలలో విశ్వవిద్యాలయాలు వెలసినప్పుడు అక్కడి బోధకులు, విద్యార్థులు చాలమట్టుకు సంఘ పరిచారకుల కోవకు చెందినవారే. రాతి కట్టడాలలో చలి మెండు. కావున పాదాలవరకు జారే అంగీ, తలను కప్పే ముసుగు వారి నిత్యపు దుస్తులైనవి. 1222లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు స్టీఫెన్ లాంగ్టన్ ఆక్స్‌ఫర్డ్‌లో జరిపిన సభ, గురువులు ముందుభాగము మూసియున్న అంగీ ధరించవలెనని నిర్ణయించినది. తరువాత లోకులు పొట్టి దుస్తులకు మారినను విశ్వవిద్యాలయాలు పాత అంగీని విడువలేదు. తలముసుగు వీపుమీదికి జారి, చదివిన పట్టాను తెలిపే రంగుల హుడ్డు అయినది. అమెరికా కళాశాలలు 1895లో ఏర్పరచుకొన్న నియమావళిలో వేదాంతశాస్త్రమునకు ఎర్రని రంగు కేటాయించబడినది.

1524లో మార్టిన్ లూథర్ సన్యాసి దుస్తులు విడిచిపెట్టెను. సంస్కరణ సంఘాల బోధకులు పండితుల నల్లని అంగీతోనే ప్రసంగవేదిక ఎక్కిరి. వాక్యము బోధించువాడు ముందుగా దానిని శ్రద్ధతో నేర్చుకొనవలెనని అందులోని భావము.

మన దేశమున 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలతో ఈ ఆచారము పాదుకొన్నది. అంతకుముందే, 1827లో, డెన్మార్కు రాజు ఆరవ ఫ్రెడరిక్ సేరంపూరు కళాశాలకు పట్టాలిచ్చు అధికారము నొసగెను. అయినను అక్కడి మొదటి బి.డి. పట్టాలు 1915లోగాని రాలేదు. 1964లో రాజమండ్రిలో ఆరంభమై 1973లో హైదరాబాదుకు తరలిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల విద్యార్థులు పొందునవి ఆ సేరంపూరు పట్టాలే.

ఈ గౌను పరాయి పాలన గుర్తు కాదా అని కొందరు అడుగుదురు. 2024 ఆగస్టులో కేంద్ర ఆరోగ్య శాఖ, నల్ల గౌను, టోపీ మాని ప్రాంతీయ సంప్రదాయపు దుస్తులు ఎంచుకొనవలసినదిగా తన విద్యాసంస్థలను కోరినది. ఇది ఆలోచింపదగినదే. మన "స్నాతకోత్సవము" అను మాటలో అంగీ లేదు, స్నానమున్నది. గురుకులమున చదువు ముగించినవాడు స్నానము చేసి ఇల్లు చేరుట నుండి వచ్చిన మాట అది. వస్త్రము మారినను, నేర్చుకొన్నది నలుగురికి పంచవలెనన్న బాధ్యత మారదు.

దోర్నకల్ బిషప్పు వి.యస్. అజరయ్యగారు మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివి, పట్టా పొందకయే పరిచర్యలోనికి వచ్చిరి. 1912లో ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు అయిరి. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము వారికి గౌరవ డాక్టరు పట్టమిచ్చినది. పట్టా పరిచర్యను వెదకుకొంటూ వచ్చినదే గాని, పరిచర్య పట్టా కొరకు ఆగలేదు.

మన గ్రామ సంఘాలను నిలిపిన ఉపదేశులలో అనేకులు ఏ హుడ్డూ ఎరుగరు. నిలువుటంగీలతో తిరుగగోరిన శాస్త్రులను గూర్చి ప్రభువు హెచ్చరించెను. తానైతే పైవస్త్రము తీసి, తువాలు కట్టుకొని శిష్యుల పాదములు కడిగెను. పట్టా పొందిన యువతీ యువకులారా, గౌను ఒక్క పూటది. తువాలు బ్రతుకంతటిది. అంగీని సంతోషముతో ధరించుడి, తువాలును మరువకుడి.