ఆర్‌సీ

ఆర్‌సీ అనగానే మనకు బండి కాగితాలే గుర్తొస్తాయి. లినక్స్‌లో డాట్ బాష్‌ఆర్‌సీ అనే ఫైలు చివరనున్న ఆర్‌సీకి మాత్రం రవాణా ఆఫీసుతో పనిలేదు. అది ‘రన్‌కామ్’కు పొట్టిరూపం, అంటే ఆదేశాలు నడిపేది. 1960లలో అమెరికాలోని ఎమ్ఐటీలో సీటీఎస్ఎస్ అనే వ్యవస్థ కోసం ఫ్రాన్స్‌కు చెందిన లూయీ పూజాన్ రాసిన ప్రోగ్రాం పేరది. ఫైల్లో వరసగా రాసిపెట్టిన ఆదేశాలను నడుపుతూ, మనమిచ్చిన ఆర్గ్యుమెంట్లను వాటి చోట్లలో పెట్టేది. ఇవాళ స్క్రిప్టుల్లో $1, $2 చేస్తున్నది ఆ పనే. ఆదేశాలను అందుకుని నడిపే ప్రోగ్రాంకు ‘షెల్’ అన్న పేరు పెట్టిందీ ఆయనే!

రన్‌కామ్ ఎప్పుడో పోయింది, రెండక్షరాలు మిగిలాయి. ప్లాన్ 9 అనే ఆపరేటింగ్ సిస్టం వాళ్లయితే ఏకంగా తమ షెల్‌కే ఆర్‌సీ అని పేరు పెట్టుకున్నారు.

ఆ డాట్ బాష్‌ఆర్‌సీ ఫైలుతో ఒక తిరకాసుంది. అందులో ‘సెట్ -ఓ నోక్లాబర్’ అని రాసుకుంటే, ఉన్న ఫైలు మీదికి > గుర్తుతో ఏదైనా పంపబోతే షెల్ ఒప్పుకోదు. మంచి కాపలాయే కానీ, అది మనం టెర్మినల్ ముందు కూర్చుని టైపు చేసినప్పటి మాట. స్క్రిప్టు నడిపేటప్పుడు బాష్ షెల్ మామూలుగా ఆ ఫైలు వంక కన్నెత్తి చూడదు. కాబట్టి స్క్రిప్టుకు కావలసిన ఆప్షన్లు స్క్రిప్టులోనే, మొదటి వరసల్లోనే రాసుకోండి.