ఐఫెల్ కొండలలోని పందెపు బాట

జర్మనీ దేశపు పశ్చిమ సరిహద్దునకు సమీపమున ఐఫెల్ అను కొండసీమ ఉన్నది. దట్టమైన అడవులు, రాతినేల, సుదీర్ఘమైన శీతకాలము - ఇవి దాని లక్షణములు. అక్కడి పల్లెల పేదరికమును చూచి పూర్వము దానిని 'ప్రష్యా సైబీరియా' అని ఎగతాళి చేసెడివారు. ఆ కొండలలో ఒక శిఖరముపై న్యూర్‌బుర్గ్ అను పాత కోట శిథిలమై నిలిచియున్నది. మోటారు పందెముల చరిత్రలో సాటిలేని న్యూర్‌బుర్గ్‌రింగ్ బాటకు పేరు ఆ కోటనుండియే వచ్చినది.

1922 నుండి ఐఫెల్ ప్రాంతములోని మామూలు రహదారులమీదనే కార్ల పందెములు జరుగుచుండెడివి. అడెనౌ జిల్లా అధికారియైన డాక్టర్ ఓటో క్రాయిట్జ్ పందెములకై ప్రత్యేకముగా ఒక బాటను నిర్మింపవలెనని సంకల్పించినాడు. ఆయన ఆలోచన కేవలము వినోదమును గూర్చినది కాదు. పనిలేక అలమటించుచున్న జనులకు కూలి దొరకును, జర్మను మోటారు పరిశ్రమకు పరీక్షా స్థలము ఏర్పడును, కొండసీమకు యాత్రికులు వత్తురు. నాటి కొలోన్ నగర మేయరు కొన్రాడ్ అడెనావర్ - తరువాత 1949లో పశ్చిమ జర్మనీకి తొలి ఛాన్సలరైనవాడు - ఈ ప్రయత్నమునకు అండగా నిలిచినాడు. 1925 సెప్టెంబరు 27న శంకుస్థాపన జరిగినది. 1927 జూన్ 18న మోటారు సైకిళ్లు, మరునాడు కార్లు పరుగెత్తినవి. కార్ల పందెములో మెర్సిడెస్ నడిపిన రుడోల్ఫ్ కరచ్చియోలా గెలుపొందినాడు.

బాట మొత్తము పొడవు 28 కిలోమీటర్లకు పైమాట. అందులో ఉత్తర వలయము ఒక్కటే సుమారు 22.8 కిలోమీటర్లు. దానిలో నూటడెబ్బదికి పైగా మలుపులు ఉన్నవని లెక్క. కట్టినవారు కొండను చదును చేసి బాట వేయలేదు. కొండ ఎటు వంగిన బాటను అటు వంచినారు. పల్లమునకు, మెరకకు నడుమ ఎత్తులో సుమారు 300 మీటర్ల భేదము ఉన్నది. ఘాటు రోడ్డుపై బస్సులో ప్రయాణము చేసి కళ్లు తిరిగినవారు ఆ దారిని రేసు కారు వేగముతో ఒక్కసారి ఊహించుకొనవచ్చును.

ప్రారంభమైన కొద్దిసేపటికే ఫ్లూగ్‌ప్లాట్జ్ అను మెరక వచ్చును. అచ్చట కారు చక్రములు నేలను విడిచి గాలిలోనికి లేచును. దిగీదిగకమునుపే కుడివైపు మలుపు సిద్ధముగా ఉండును. పిదప ఫుక్స్‌రోరె, అనగా నక్క దూరెడు గొట్టము. చెట్ల నడుమ నిటారుగా దిగి, అడుగున కారును నేలకు అదిమి, వెంటనే పైకి ఎత్తు దారి అది. ఆ ఎగువ చివర అడెనావర్ ఫోర్స్ట్ మలుపు కంటికి కానరాదు. తెలియనివాడు తిన్నగా గడ్డిలోనికే పోవును. అచ్చటినుండి బాట బ్రైట్‌షైడ్ పల్లెవద్ద అట్టడుగునకు దిగి, బెర్గ్‌వెర్క్ మలుపు మీదుగా మరల కిలోమీటర్ల కొలది ఎక్కును. ఆ ఎక్కుడులో కరుసెల్ ఉన్నది. మలుపు లోపలి అంచున ఉన్న పల్లములోనికి చక్రములను దింపి వేగముగా తిరిగిపోవు ఉపాయమును కనిపెట్టినవాడు కరచ్చియోలాయే అని చెప్పుదురు. ఆ పల్లమునకు తరువాత కాంక్రీటు పలకలు పరచినారు. దానిని దాటిన పిమ్మట శిఖరము, మరికొన్ని ఎగుడుదిగుళ్లు, చిట్టచివర దీర్ఘమైన తిన్నని దారి.

ఇతర పందెపు బాటలలో డ్రైవరు ఒకే మలుపును ఒక్క పందెములోనే అరువది, డెబ్బది మారులు చూచును. ఇచ్చట 1957లో చూచినది ఇరువది రెండు మారులే. కావున ఈ బాటను చేతులతో కంటె జ్ఞాపకముతో నడుపవలసి యుండెను. పైగా ఒక కొసన ఎండ కాయుచుండగా వేరొక కొసన వాన కురియుట అచ్చట వింత కాదు.

ఆ జ్ఞాపకశక్తికి పరాకాష్ఠ 1957 ఆగస్టు 4న కనబడినది. అర్జెంటీనా దేశీయుడైన హువాన్ మాన్యువల్ ఫాంజియోకు అప్పటికి 46 ఏండ్లు. సగము పెట్రోలుతో బయలుదేరి ముందంజ వేసి, నడుమ టైర్లు మార్చుకొనుటకు ఆగినాడు. ఆ పని ఆలస్యమై, ఇంగ్లీషువారైన హాథార్న్, కాలిన్స్ అను ఇద్దరికంటె ముప్పాతిక నిమిషమునకు పైగా వెనుకబడినాడు. అటుపిమ్మట కొన్ని మలుపులను అలవాటైన దానికంటె ఒక గేరు ఎక్కువలో తీసికొని, చుట్టు చుట్టునకు రికార్డును తిరుగవ్రాసి, 9 నిమిషముల 17.4 సెకండ్లలో ఒక చుట్టు ముగించి, 3.6 సెకండ్ల తేడాతో గెలిచినాడు. అట్లు మరెన్నడును నడుపలేదని, నడుపబోనని ఆయనే పిమ్మట చెప్పినాడు. నా దృష్టిలో ఆ మాట విజయముకంటె విలువైనది.

బాట గొప్పతనమునకు కారణమైన పొడవే దాని దోషము కూడ అయినది. ఇరువది రెండు కిలోమీటర్ల అడవిదారి పొడవునా కాపలా పెట్టుట, ప్రమాదము జరిగినచోటికి సకాలములో చేరుట సాధ్యమైన పని కాదు. 1968లో దట్టమైన పొగమంచులో, వానలో నాలుగు నిమిషములకు పైగా ఆధిక్యముతో గెలిచిన స్కాట్‌లండ్ వాసి జాకీ స్టువర్టే దానికి 'పచ్చని నరకము' అని పేరు పెట్టినాడు. 1970లో డ్రైవర్లు మార్పులు చేయనిదే రామనగా పందెము హాకెన్‌హైమ్‌కు తరలినది. మెరకలు తగ్గించి, అంచుల వెంబడి ఇనుప కమ్ములు బిగించిన తరువాత 1971లో తిరిగి వచ్చినది.

1975లో ఆస్ట్రియా దేశీయుడు నికీ లౌడా అచ్చట 7 నిమిషములలోపు చుట్టు ముగించిన మొదటివాడైనాడు. ఆ బాటను అంతగా ఎరిగినవాడే మరుసటి సంవత్సరము, అది ప్రమాదకరమైనదని, పందెమును మానవలెనని కోరినాడు. తక్కినవారు అంగీకరింపలేదు. 1976 ఆగస్టు 1న, రెండవ చుట్టులో, బెర్గ్‌వెర్క్ మలుపునకు కొంచెము ముందు ఆయన కారు అదుపు తప్పి గట్టును ఢీకొని మండినది. మంటలలోనుండి ఆయనను లాగినవారు వెనుక వచ్చుచున్న తోటి డ్రైవర్లు. ఆరు వారములకు, కాలిన గాయములు పూర్తిగా మానకమునుపే, ఆయన ఇటలీలోని మోంజాలో మరల పందెమునకు దిగినాడు. ఫార్ములా 1 పందెము మాత్రము ఉత్తర వలయమునకు మరల రాలేదు.

1984లో ప్రక్కనే సుమారు నాలుగున్నర కిలోమీటర్ల క్రొత్త బాట ప్రారంభమైనది. ఉత్తర వలయము కొద్దిగా కురుచయై 20.8 కిలోమీటర్లతో నేటికిని ఉన్నది. పందెములు లేని దినములలో రుసుము చెల్లించి ఎవరైనను తమ సొంత కారుతో దానిపై పోవచ్చును. అట్టివారికి వర్తించునవి జర్మనీ రహదారి నియమములే. ముందున్న బండిని ఎడమప్రక్కగానే దాటవలెను.