రబ్బరుపాల దుస్తుల సంరక్షణ

రబ్బరు చెట్టు (హీవియా బ్రెజిలియెన్సిస్) బెరడు నుండి కారే తెల్లని పాలను లేటెక్స్ లేక రబ్బరుపాలు అంటారు. ఈ పాలతో తయారైన చేతితొడుగులు, ఈత దుస్తులు, కురచ చొక్కాలు మొదలగువానిని రబ్బరుపాల దుస్తులు అంటారు. ఇవి నీటిని లోనికి రానీయవు, శరీరానికి అంటుకొని సాగుతాయి. అయితే నూలు బట్టలవలె వీటిని ఉతికి ఎండలో ఆరవేసిన త్వరగా పాడగును.

చరిత్ర

1823లో స్కాట్లండుకు చెందిన చార్లెస్ మేకింటోష్ రెండు బట్టపొరల మధ్య రబ్బరు పూసి వానకోటు వస్త్రాన్ని తయారుచేశాడు. అది వేసవిలో జిగురుగాను, చలిలో బిరుసుగాను మారేది. 1839లో అమెరికాకు చెందిన చార్లెస్ గుడియర్ రబ్బరును గంధకంతో వేడిచేసి ఈ లోపమును తొలగించాడు. దీనినే వల్కనీకరణము అంటారు. 1890 ప్రాంతంలో విలియం హాల్‌స్టెడ్ అనే శస్త్రవైద్యుడు క్రిమిసంహారక ద్రవం వలన చేతులు పాడైన ఒక నర్సు కొరకు రబ్బరు చేతితొడుగులు చేయించాడు.

పాడగుటకు కారణాలు

* ఎండ, గాలి: సూర్యరశ్మి, ప్రాణవాయువు రబ్బరును పెళుసు చేస్తాయి. ఓజోను వాయువు సాగి ఉన్న చోట, మడతల వద్ద సన్నని పగుళ్ళు కలిగిస్తుంది.
* నూనెలు: కొబ్బరినూనె, కిరోసిను, వాజలీను వంటివి తగిలిన రబ్బరు ఉబ్బి బలము కోల్పోవును. సిలికాను నూనె వలన ఈ హాని లేదు.
* రాగి, ఇత్తడి: ఈ లోహాలు తగిలినచోట గోధుమరంగు మరకలు పడతాయి, రబ్బరు త్వరగా శిథిలమగును. నాణెములు, ఇత్తడి కడియాలు తాకిన చేతులను కడిగిన తర్వాతనే దుస్తులను ముట్టుకోవాలి.
* గాఢమైన బ్లీచింగు ద్రావణం కూడా రబ్బరుకు హానికరం.

సంరక్షణ విధానం

వాడిన వెంటనే గోరువెచ్చని నీటిలో, గాఢత తక్కువ గల సబ్బుతో కడగాలి. చెమట, చర్మపు నూనె మిగలరాదు. పిండరాదు, ఇస్త్రీ చేయరాదు. నీడలో లోపలివైపు, బయటివైపు ఆరనివ్వాలి. తడి ఉన్నయెడల పొరలు ఒకదానికొకటి అంటుకొనును. ఆరిన పిమ్మట పలుచగా టాల్కం పొడి చల్లి, మడతలు పెట్టక, చీకటిగా, చల్లగా ఉన్న చోట భద్రపరచాలి. లోహపు తీగ హేంగర్లు వాడరాదు. చిన్న చిరుగును సైకిలు ట్యూబుకు పంక్చరు వేసినట్లే రబ్బరు ముక్క, రబ్బరు జిగురుతో అతకవచ్చును. రక్షణ కొరకు వాడే చేతితొడుగులను మాత్రం అతకరాదు, పారవేయాలి.

నెల్లూరు తీరంలో

చిల్లకూరు మండలం 2022 ఏప్రిల్ 4 వరకు నెల్లూరు జిల్లాలో ఉండి, అప్పుడు తిరుపతి జిల్లాలో చేర్చబడినది. ఈ తీరంలో రొయ్యల పెంపకం ప్రధాన వృత్తులలో ఒకటి. రొయ్యల ముళ్ళు, మంచు, ఉప్పునీరు, బ్లీచింగుపొడి నుండి కూలీల చేతులను తొడుగులే కాపాడాలి. ఇచటి మండు వేసవిలో ఎండకు వదలిన తొడుగు, ఈశాన్య రుతుపవనాల కాలంలో తడిగా చుట్టిపెట్టిన తొడుగు రెండూ త్వరగా చెడతాయి. కంటికి కనబడని రంధ్రం ఉన్న తొడుగు ధరించినవారికి రక్షణ ఉన్నదనే భ్రమనే మిగుల్చును. అందుచేత వాడుటకు ముందు తొడుగులో గాలి నింపి, మణికట్టు అంచును మెలిపెట్టి, గాలి పోవుచున్నదేమో చూడాలి. బజారులో దొరికే తొడుగులన్నీ రబ్బరుపాలవి కావు. నైట్రైలు తొడుగులు నూనెలను బాగా తట్టుకుంటాయి.

ఆరోగ్య సమస్యలు

రబ్బరుపాలలోని మాంసకృత్తులు కొందరికి పడవు. దురద, దద్దుర్లు, ఒక్కొక్కసారి ప్రాణాపాయం కలిగించే ఊపిరాడని స్థితి ఏర్పడవచ్చును. తొడుగులలోని పొడి ఈ మాంసకృత్తులను గాలిలోకి చేరుస్తుంది. ఈ కారణాల వలన 2017 జనవరిలో అమెరికాలో పొడి చల్లిన వైద్య చేతితొడుగులు నిషేధించబడినవి. పడనివారు నైట్రైలు తొడుగులు వాడుట మేలు.